అల్లుడు పెట్టిన యాంటీవైరస్

మా ఇంట్లో సోఫాకు ప్లాస్టిక్ కవరు ఉంది. సోఫా వయసు ఏడేళ్లు, కవరు వయసూ అంతే. దుకాణం నుంచి ఆటోలో దిగిన రోజు ఎట్లా ఉందో ఇప్పటికీ అట్లాగే ఉండాలన్నది నాయన పట్టుదల. మార్కాపురం ఎండాకాలంలో ఆ కవరు మీద కూర్చోవడం పెద్ద కష్టమేమీ కాదు. లేవడమే కష్టం. ముందు మనిషి లేస్తాడు, కాసేపటికి చొక్కా లేస్తుంది, రెంటికీ మధ్య పుండు మీద కట్టు ఊడబెరికినట్టు ఒక చప్పుడు వస్తుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ చప్పుడు తమదేమోనని మొహం పక్కకు తిప్పుకుంటారు. చెమట కవరు మడతల్లో చేరి, సాయంత్రానికి గదంతా తడిసిన టార్పాలిన్ వాసన వేస్తుంది. తీసేద్దామని నేను రెండుసార్లు అన్నాను. "తీస్తే దుమ్ము పడదా?" అన్నాడు నాయన. పడుతుంది.

వస్తువును వాడటం కంటే కాపాడటమే ముఖ్యమనుకునే ఇంట్లోకి కంప్యూటర్ వస్తే ఏమవుతుందో చెప్పడానికే ఈ సోఫా గొడవ.

కంప్యూటర్ మా ఆవిడ కోసం కొన్నాం. ఆమె ప్రభుత్వ బడిలో టీచరు. బడులు మూతపడి పాఠాలు ఇంటి నుంచే చెప్పమన్న రోజుల్లో తీసుకున్నాం. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని, ఏ లారీలో ఏ ఊరికి ఎన్ని పెట్టెలు పోయాయో చూస్తుంటాను. ఆ చదువుకూ ఈ ఉద్యోగానికీ ఏం సంబంధమని ఇంట్లో ఎవరూ అడగలేదు. మిక్సీ తిరక్కపోయినా నన్నే పిలుస్తారు.

కొత్త వస్తువు ఏది వచ్చినా మా ఇంట్లో ముందు ప్రార్థన జరగాలి. బోరు వేసినప్పుడు జరిగింది, స్కూటర్‌కు జరిగింది, కంప్యూటర్‌కూ జరిగింది. పాస్టరుగారు మానిటర్ మీద చెయ్యి పెట్టి, ఈ యంత్రం కీడుకు దూరంగా ఉండాలని చాలాసేపు అడిగారు. ఆమేన్ అని అందరం కళ్లు తెరిచేసరికి మా బావ పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

బావ అంటే మా అక్క మొగుడు, ఈ ఇంటికి ఏకైక అల్లుడు. గిద్దలూరులో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కు ఇన్‌ఛార్జి.

"ఏంది బావా అది?" అన్నాను.

"యాంటీవైరస్. మా ల్యాబ్‌లో నలభై సిస్టములకు ఇదే."

"ఇప్పుడే కదా ప్రార్థన అయింది."

"ప్రార్థన దురాత్మలకు. ఇది వైరస్‌లకు. డిపార్ట్‌మెంట్లు వేరు."

పాస్టరుగారు నవ్వారు కాబట్టి అందరూ నవ్వారు. బావ కూర్చుని అరగంటలో పని పూర్తి చేశాడు. చివర్లో దాన్ని ఎవరూ తీసేయకుండా ఒక పాస్‌వర్డ్ పెట్టాడు. "తెలీక ఎవరన్నా తీసేస్తారు మామా" అని నాయనకు చెప్పాడు. చెబుతూ నా వైపు చూశాడు. నా డిగ్రీ గురించి ఆయనకు మొదటి నుంచీ ఒక అభిప్రాయం ఉంది.

నిజానికి ఆ పెట్టెలో అప్పటికే ఒక యాంటీవైరస్ ఉంది. కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చింది. దాని గడువు మూడు నెలలకే అయిపోయింది కానీ అది పోలేదు. రోజుకు నాలుగుసార్లు తెర మూలన లేచి, మీరు ప్రమాదంలో ఉన్నారని ఎర్రటి అక్షరాల్లో చెప్పి, మళ్లీ పడుకునేది. రెండు యాంటీవైరస్‌లు ఒకే పెట్టెలో ఉండకూడదని మాకు డిగ్రీలోనే చెప్పారు. ఎందుకుండకూడదో నాకు మా ఇంట్లో అర్థమైంది. ఒకే పంక్తిలో కూర్చున్న తోడల్లుళ్ల లాగా, ఇద్దరికీ తమ విస్తరి మీద ధ్యాస లేదు, పక్కవాడి విస్తట్లో ఏ ముక్క పడిందో చూసుకోవడమే సరిపోయింది. ఇది తెరిచిన ఫైలును అది తనిఖీ చేసేది. అది తనిఖీ చేస్తోందని ఇది అనుమానపడేది. మధ్యలో మా ఆవిడ రాసుకునే పాఠ్య ప్రణాళిక ఇరవై నిమిషాలు తెల్లగా నిలబడి ఉండేది.

ఇక మూడోదాన్ని పెట్టింది నేనే. కంప్యూటర్ నెమ్మదించిందని, వేగం పెంచుతుందని ఇంటర్నెట్‌లో చూసి దించుకున్నాను. అది మొదటి రోజే మా యంత్రంలో వేలకొద్దీ సమస్యలున్నాయని తేల్చింది. తనను లెక్కలోకి తీసుకోలేదు. నా చదువు మీద బావ అభిప్రాయాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయలేకపోవడానికి ఇదొక కారణం.

అట్లా ముగ్గురు కాపలాదారులతో మూడేళ్లు గడిపాం. స్విచ్ నొక్కి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వస్తే, అన్నం ముందు ఉడికేది. ఉదయం పూట పెట్టెలోంచి ఫ్యాను అరిచే అరుపుకు పక్కింటివాళ్లు పిండి మర పెట్టారా అని అడిగారు. ఆ వేడికి కాలిన దుమ్ము వాసన గదిలో నిలిచిపోయేది. నాకు ఆ పెట్టెను చూస్తే ఒకరకమైన రోత పుట్టుకొచ్చింది. తీసేయవచ్చు కదా అని అడిగేవాళ్లు మా ఇంట్లో అల్లుళ్ల సంగతి తెలియనివాళ్లు. అల్లుడు పెట్టిన చీర రంగు బాగోలేకపోయినా అమ్మ ఆదివారం కట్టుకుని ప్రార్థనకు గుడికి పోతుంది. అల్లుడు బిగించిన కుళాయి కారుతుంటే కింద బకెట్ పెట్టుకుంటాం.

దీనికి తోడు, పోయిన ఏడాది మేడ మీద గదికి స్లాబు వేసిన రోజు ఒక పొరపాటు జరిగింది. మా వైపు పిలుపు అంటే ఇంటికి మనిషి పోయి చెప్పాలి. నాకు లారీల హడావుడి. 'రేపు స్లాబు, అందరూ రాగలరు' అని బావ ఫోన్‌కు మెసేజ్ పెట్టాను. బావ రాలేదు. అక్క ఒక్కతే వచ్చి, భోజనం చేసి, "ఆయనకు పిలుపు అందలేదంట" అని చెప్పి పోయింది. మెసేజ్ చూసినట్టు రెండు నీలం గీతలు నా ఫోన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని సాక్ష్యంగా ఎవరికీ చూపించలేం. అప్పటి నుంచి ఆయన మా గడప తొక్కలేదు, ఫోన్ చేయలేదు. మేమూ చేయలేదు. నాయన పెద్దవాడు కాబట్టి ఆయన చేయడు, నేను తప్పు చేశాను కాబట్టి నేను చేయను.

టీచర్ల బదిలీలు వచ్చింది సరిగ్గా అప్పుడే.

మా ఆవిడ బడి ముండ్లమూరు అవతల ఒక పల్లెలో. పొద్దున ఆరు గంటలకు బస్సెక్కి, పొదిలి మీదుగా దర్శిలో దిగి, ఇంకో బస్సు, ఆ తర్వాత ఆటో. తిరిగొచ్చేసరికి వీధి దీపాలు వెలిగేవి. నాలుగేళ్లుగా మా ఇంటిని ఆమె పగటి వెలుతురులో చూసేది ఆదివారం ఒక్కరోజే, అదీ గుడి నుంచి వచ్చాక. నడుము నొప్పికి బెల్టు కట్టుకుని బస్సెక్కుతుంది. ఈసారి తర్లుపాడు మండలంలో కొన్ని ఖాళీలు చూపించారు. అక్కడైతే అరగంట ప్రయాణం. మళ్లీ బదిలీలు ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్లకే తెలియదు.

ఊళ్లను మనకు కావలసిన వరుసలో ఆన్‌లైన్లో పెట్టుకోవాలి. సర్వీసు పాయింట్లను బట్టి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఖాళీగా దొరికిన మొదటి ఊరు ఇస్తారు. పెట్టిన ఊళ్లలో ఏదీ దొరక్కపోతే, పాత బడిలో ఉండనివ్వకుండా, ఎవరూ కోరని చోట్లలో ఒకటి వాళ్లే ఇచ్చేస్తారు. కాబట్టి ఎన్ని ఊళ్లు పెట్టుకుంటే అంత మంచిది. ఆమె లాంగ్ నోటుబుక్కులో నలభై రెండు ఊళ్లు ఎర్ర ఇంకుతో వరుసగా రాసుకుంది. ఆ వరుస కట్టడంలో నాయన సాయం ఉంది. ఆయన ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరు. ఏ పల్లెకు ఎన్ని గంటలకు బస్సు, ఏది వానాకాలం రాదు, ఏ ఊళ్లో స్టేజి నుంచి బడికి ఎంత నడవాలి, అన్నీ నోటికే చెప్పాడు. రెండు రాత్రులు మామా కోడలూ కూర్చుని రాశారు. నాయన ఎవరికైనా అంత ఓపిగ్గా ఏదైనా చెప్పడం నేను చూడలేదు.

ఖాళీల జాబితా మార్చి మార్చి, చివరి రోజుకు ఖాయం చేశారు. సాయంత్రం ఐదుకు మూత.

నెట్ సెంటర్‌కు పోవచ్చు. పోయినసారి ఆమె అక్కడికే పోయింది. బారుగా జనం ఉంటే, నడిపేవాడు తొందరలో పదకొండో ఊరును మొదట నొక్కాడు. ముండ్లమూరు అట్లా వచ్చిందే. "ఈసారి నా చేత్తో నేనే పెట్టుకుంటా" అంది. న్యాయమైన కోరిక. ఇంట్లో కంప్యూటర్ ఉంది, కంప్యూటర్లు చదివిన మొగుడున్నాడు. నేను సెలవు పెట్టాను.

పది గంటలకు మొదలుపెట్టాం. యంత్రం లేచేసరికి పదిన్నర. సైట్‌లో ఆమె నంబరు కొడితే ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. దాని ఆయుష్షు పది నిమిషాలు. దాన్ని కొట్టాల్సిన గడి తెర మీదికి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. మళ్లీ అడిగాం. మళ్లీ వచ్చింది. మళ్లీ చచ్చింది. నాలుగు ఓటీపీలు అట్లా పోయాక ఆమె నోటుబుక్కు మూసి నా వైపు చూసింది.

"ఏందిది?"

"యాంటీవైరస్ తనిఖీ చేస్తోంది."

"నన్నా?"

"సైట్‌ను. నిన్ను కూడా అయ్యుంటుంది."

"మూసెయ్ దాన్ని."

మూయబోతే పాస్‌వర్డ్ అడిగింది. అక్క పేరు కొట్టాను. కాదంది. వాళ్ల పెళ్లిరోజు కొట్టాను. వాళ్ల పిల్లవాడి పేరు కొట్టాను. మూడు తప్పులకు పావుగంట తలుపు మూసేసింది. పావుగంట తర్వాత బావ బండి నంబరు, ఆయన ఎప్పుడూ చెప్పే బైబిలు వాక్యం నంబరు, కాలేజీ పేరు. మళ్లీ పావుగంట.

నాయన సోఫా మీద నుంచి ఇదంతా చూస్తున్నాడు. "ఏం వెతుకుతుండావు రా?"

"బావ పెట్టిన పాస్‌వర్డ్."

"ఎందుకు?"

"ఆయన పెట్టింది తీసేయడానికి."

నాయన లేచాడు. చొక్కా కాసేపటికి లేచింది. "అల్లుడు పెట్టింది తీసేస్తావా? ఇప్పుడా? అసలే ఆయన అలిగి ఉండాడు. రేపు ఆయనకు తెలిస్తే ఏం మొహం పెట్టుకుంటాం?"

"నాయనా, ఐదింటికి మూసేస్తారు."

"తియ్యకుండానే ఏదన్నా చెయ్యి. చదువుకున్నావు గదా."

చదువుకున్నాను. కాబట్టి బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే భాయ్‌కి ఫోన్ చేశాను.

భాయ్ పన్నెండున్నరకు వచ్చాడు. నిలబడే మౌస్ పట్టుకుని, లోపల ఏమేం నడుస్తున్నాయో జాబితా తెరిచాడు. కాసేపు చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అరే సార్! మీ ఇంట్లో దొంగ లేడు. ముగ్గురూ కాపలావాళ్లే. ఒకడు సచ్చిపోయినాడు కానీ కుర్చీ దిగలేదు. ఒకడు ఎవడో తెల్వదు, ఫాల్తూగాడు. వాణ్ని ఎవరు తెచ్చినారు?"

"తెలియదు భాయ్" అన్నాను.

"వీడున్నాడు చూడు, వీడు అసలైనోడు. కమ్మీగా అంటే ముప్పావు వంతు వీడే తింటున్నాడు. ఫార్మాట్ కొడదామా?"

మా వైపు కంప్యూటర్ బాగుచేసేవాళ్లు ఏ రోగానికైనా ముందు చెప్పే మందు అదే. మొత్తం తుడిచి మళ్లీ మొదటి నుంచి. ఆమె సర్వీసు కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి.

"వద్దు భాయ్" అంది ఆమె. "ఆ ఒక్కటీ తియ్యి చాలు."

"పాస్‌వర్డ్ ఉంటే పది నిమిషాలు మేడమ్. లేకుంటే వేరే దారి ఉంది, గంట పడతది. గ్యారంటీగా తీస్తా."

"తియ్యొద్దు" అన్నాడు నాయన తలుపు దగ్గర నుంచి. "అది మా అల్లుడు పెట్టింది భాయ్. దాన్ని అట్లే ఉంచి కొంచెం పక్కకు జరుపు."

భాయ్ మౌస్ వదిలేశాడు. "అది బీరువానా మామా, జరపడానికి?"

"అట్లయితే కొంచెం సేపు పడుకోబెట్టు."

"పడుకోబెట్టడానికి కూడా పాస్‌వర్డ్ అడుగుతుంది. గట్టి అల్లుడే మామా నీకు."

నాయన దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. భాయ్ మా ముగ్గురి మొహాలు చూశాడు. ఇట్లాంటి ఇళ్లు ఆయన చాలా చూసి ఉంటాడు. "మీరు ఒక మాట అనుకోని ఫోన్ చెయ్యండి సార్, అన్నం తిని వస్తా" అని వెళ్లిపోయాడు. అప్పుడే, ఆ గంట పని మొదలుపెట్టమని ఉంటే, రెండింటికల్లా ఆమె చేతిలో కంప్యూటర్ ఉండేది. అది నాకు ఆ నిమిషంలోనే తెలుసు. నాయన తలుపు దగ్గర ఉన్నాడు, ఆమె కుర్చీలో ఉంది, నేను మధ్యలో నిలబడి గోడ మీద క్యాలెండర్ చూశాను.

తర్వాత నేను చేసింది మధ్యేమార్గం. మధ్యేమార్గమంత చేతకానిపని ఇంకొకటి లేదు. అల్లుడిది కాని రెండింటినీ తీస్తానన్నాను. వాటికి చుట్టాలెవరూ లేరు. నేను తెచ్చినదాన్ని ముందు తీశాను. పోతూ పోతూ అది ఏడుపు మొహం బొమ్మ చూపించి, మమ్మల్ని ఎందుకు వదిలేస్తున్నారని అడిగింది. కింద ఐదు కారణాలిచ్చి ఒకటి ఎంచుకోమంది. ఎంచుకుంటే, నిజంగానేనా అని మళ్లీ అడిగింది. గడువు తీరినదాన్ని తీయడానికి కంప్యూటర్ రెండుసార్లు ఆగి లేవాలంది. లేచింది. మూడయింది.

ఇద్దరు పోయారు కదా, మూడోవాడు శాంతిస్తాడనుకున్నాను. బావ మనిషి వేరు, బావ సాఫ్ట్‌వేర్ వేరు అనుకోవడం నా తప్పు. ఇంట్లో ఏవో మార్పులు జరిగాయని దానికి అనుమానమొచ్చి, మొత్తం యంత్రాన్ని మూలమూలలా మొదటి నుంచి గాలించడం మొదలుపెట్టింది. ఫ్యాను అరుపు రెట్టింపయింది. మానిటర్ వెనక నుంచి వేడి వాసన. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి బంక కారినట్టు కదులుతోంది. నాకు దాన్ని ఎత్తి రోడ్డు మీద పారేయాలనిపించింది. పారేస్తే చెత్త బండివాళ్లు కూడా అల్లుడు పెట్టిందా అని అడుగుతారేమోనని మానుకున్నాను.

ఈలోపు ఆమె తన ఫోన్‌లో ప్రయత్నించింది. ఆ చిన్న తెర మీద ఊళ్ల జాబితా సగమే కనిపిస్తోంది. ఐదు ఊళ్లు పెట్టాక పేజీ వెనక్కి పోయి, ఐదూ తుడిచేసింది. ఆమె లేచి చెప్పులేసుకుంది. సంచిలో నోటుబుక్కు పెట్టుకుంది.

"నెట్ సెంటర్‌కు పోతా."

అప్పుడు మూడుంబావు. నేను ఆమెను పోనిచ్చి ఉండొచ్చు.

"ఒక్క పది నిమిషాలు ఆగు" అన్నాను. "ఈ గీత చివరికి వచ్చింది."

ఎందుకన్నానో నాకు తెలుసు. ఇంట్లో కంప్యూటరూ డిగ్రీ ఉన్న మొగుడూ ఉండి, పెళ్లాం పోయి బారులో నిలబడితే, అక్కడ మా ఫ్యాక్టరీ వాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఆమె చెప్పులు విప్పకుండానే కూర్చుంది. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. గీత చివరికి వచ్చినట్టే వచ్చి, రెండో విడత మొదలైందని రాసింది. నాలుగు కొట్టింది.

ఆమె నా చేతిలో నుంచి నా ఫోన్ లాక్కుంది. బావ నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. నాయన "ఒద్దమ్మా" అన్నాడు. అప్పటికే బావ ఎత్తాడు.

"ఏందిరా, ఇన్నాళ్లకు గుర్తొచ్చినానా? ఈసారి మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసినావే?"

"నేనన్నా" అంది ఆమె. "నువ్వు మా కంప్యూటర్‌లో పెట్టిన యాంటీవైరస్ తీసేయాల. పాస్‌వర్డ్ చెప్పు. నా బదిలీ ఊళ్లు పెట్టుకోవాల, ఐదింటికి మూసేస్తారు. నువ్వు తర్వాత ఎంతసేపన్నా అలుగు, నేనే వచ్చి బతిమాలుతా."

నాయన కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనే అయ్యుంటుంది.

"దాన్ని ఇంకా ఉంచుకున్నారామ్మా?" అన్నాడు బావ. గొంతులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యం ఉంది. "మా ల్యాబ్‌లో రెండేళ్ల కిందటే తీసి పారేసినాం. సిస్టమ్‌ను సంపుతుంది అది. మీరు అప్పుడే తీసేసుంటారనుకున్నా. ఆడ మావోడు ఉండాడు గదా, కంప్యూటర్లు చదివినోడు?"

"ఉండాడు" అంది ఆమె. "పాస్‌వర్డ్ అన్నా."

"మామ పేరే. ఇంగ్లీషులో, అన్నీ చిన్నచ్చరాలు."

నాయన కళ్లు తెరిచాడు. "నా పేరా?" అన్నాడు. ఫోన్‌కు దగ్గరగా వచ్చాడు. "నా పేరు పెట్టినావా నాయనా?"

"మీ ఇంటికి పెద్దోరు మీరే గదా మామా."

నాయన మొహం ఇన్ని నెలల తర్వాత మొదటిసారి విప్పారింది. అమ్మను వంటింట్లోంచి పిలిచాడు. "వినపడిందా? అల్లుడు నా పేరు పెట్టినాడంట." అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, అల్లుడి ఆరోగ్యం అడిగింది. అల్లుడు అమ్మ మోకాళ్ల గురించి అడిగాడు. ఆదివారం భోజనానికి రమ్మని నాయన పిలిచాడు. మనిషి గొంతుతో పిలిచిన పిలుపే కాబట్టి బావ ఒప్పుకున్నాడు. ఏడాది అలక మా బల్ల మీద పది నిమిషాల్లో తీరింది. ఆ పది నిమిషాలూ ఆమె నాయన పేరు కొట్టి, తీసేయమన్న చోట నొక్కి, గీత కదలడం చూస్తూ కూర్చుంది.

గాలింపు మధ్యలో ఉండగా తీయడంతో, ఆ గీత చివరికి రావడానికే ఇంకో అరగంట పట్టింది. కంప్యూటర్ ఆగి లేచేసరికి నాలుగు ముప్పావు. అది లేచిన వేగం చూసి నాకు సిగ్గేసింది. కొన్న రోజు కూడా అంత చురుగ్గా లేదు. ఓటీపీ అడిగిన క్షణంలో గడి వచ్చింది. ఆమె నోటు తెరిచింది. మండలం ఎంచుకోవాలి, ఊరు ఎంచుకోవాలి, చేర్చాలి, భద్రపరచాలి. ఒక్కో ఊరికి ఒకటిన్నర నిమిషం. నేను ఊళ్లు చదివాను, ఆమె నొక్కింది. తొమ్మిదో ఊరు భద్రమైంది. పదో ఊరి మండలం ఎంచుకుంటుండగా, సమయం ముగిసింది, ధన్యవాదాలు అని తెర మీద పడింది.

ఆమె నోటుబుక్కులో మిగిలిన ముప్పై మూడు ఊళ్ల వైపు చూసింది. నాయన వెనక నుంచి, "తొమ్మిది పడినాయి గదమ్మా, మంచివే పడినాయి" అన్నాడు. మంచివే. తర్లుపాడు చుట్టుపక్కల అందరూ కోరుకునేవే. అందుకే సీనియర్లందరూ అవే పెట్టుకుని ఉంటారని బస్సు గంటలు తెలిసిన నాయనకు తెలియదు.

ఆదివారం బావ వచ్చాడు. కోడి కూర తిన్నాడు, కంప్యూటర్ ముందు కూర్చుని, "ఇప్పుడు చూడు, గుర్రం లాగ ఉండాది" అన్నాడు. కాపలాకు ఏదో ఒకటి ఉండాలి కదా అని నాయన అడిగితే, తీసేసినవి కాక కంప్యూటర్‌లో పుట్టుకతో వచ్చేది ఇంకొకటి ఉంటుందని, ఇంటికి అది చాలని, ఎప్పటి నుంచో అంతేనని చెప్పాడు. ఆ మాట నాకూ తెలుసు. తెలిసిన మాటను ఇంకొకరి నోట వినడం కోసం నాయన ముందు తల ఊపుతూ కూర్చున్నాను. మా ఆవిడ వడ్డించింది. బావ రెండోసారి కూర అడిగితే వేసింది.

మంగళవారం మధ్యాహ్నం జాబితా వచ్చింది. తొమ్మిది ఊళ్లూ సీనియర్లకు పోయాయి. నోటులో పన్నెండో నంబరుగా రాసుకున్న ఊరు, అదీ తర్లుపాడు మండలంలోదే, ఆమె కంటే తక్కువ పాయింట్లున్న ఒకాయనకు వచ్చింది. ఆమెకు ఎవరూ కోరనిది ఇచ్చారు. బేస్తవారిపేట దాటి, గిద్దలూరు దాటి, అడవి అంచున ఒక పల్లె. ముండ్లమూరు కంటే అరగంట ఎక్కువ.

ఆ సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చి, నడుము బెల్టు విప్పి కుర్చీకి తగిలించి, జాబితాలో తన పేరు ఎదుటి ఊరును ఇంకోసారి చదివింది. నాయన మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చాడు. కోడలికి ఆయన నీళ్లు తెచ్చి ఇవ్వడం అదే మొదలు.

"గిద్దలూరంటే మంచిదే గదమ్మా" అన్నాడు. "రైలు కూడా ఉండాది. వానొచ్చినా, బండి తప్పినా, అల్లునింట్లో పండుకోవచ్చు. మనోళ్లే గదా."

ఆమె నీళ్లు తాగింది.

ఏదో ఒకటి అనాల్సిన బాధ్యత నా మీద పడింది. "ఆ రోజు సర్వర్ కూడా స్లోగా ఉండింది" అన్నాను. "రాష్ట్రమంతా ఒక్క రోజే కూర్చుంటే ఎవరికైనా అంతే అవుతుంది."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మా ఇస్కూల్లో బదిలీకి ఐదుగురం" అంది. "మిగతా నలుగురూ మధ్యాన్నానికే అన్ని ఊళ్లూ పెట్టేసుకున్నారు. వాళ్లిండ్లల్లో కంప్యూటర్ లేదు."